ఫాక్స్‌హౌండ్ షో చూడ్డానికి వెళ్లేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, లౌడన్ కౌంటీలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆష్‌బర్న్‌లో గుడికి వెళ్లినా, లీస్‌బర్గ్‌లో సరుకులకు వెళ్లినా తెలుగు వినపడుతుంది. అదే లీస్‌బర్గ్‌లోని మోర్వెన్ పార్కులో ఏళ్ల తరబడి, మే నెలాఖరున మెమోరియల్ డే సెలవుల్లో, వర్జీనియా ఫాక్స్‌హౌండ్ షో, అంటే నక్కల వేటకు పెంచే హౌండ్ జాతి కుక్కల ప్రదర్శన, జరుగుతూ వచ్చింది. గేటు దాకా వెళ్లి "లోపలికి రానిస్తారో లేదో" అని వెనక్కి తిరిగేవాళ్లు ఉన్నారు. రానిస్తారు. కొన్ని మర్యాదలు తెలిస్తే ఆ రోజు చాలా బాగా గడుస్తుంది. ఈ ఏడాది వేదిక, తేదీ, టికెట్ వివరాలు మాత్రం బయల్దేరేముందు నిర్వాహకుల ప్రకటనలో చూసుకోండి.

ఇది మామూలు డాగ్ షో లాంటిదేనా?

కాదు. మామూలు డాగ్ షోలో ఒక కుక్క, దానికో యజమాని ఉంటారు. ఇక్కడ పోటీకి వచ్చేది హంట్, అంటే ఒక వేట సంఘం. దాని కెన్నెల్‌లో, అంటే కుక్కలను ఉంచి పెంచే చోట, పదుల కొద్దీ హౌండ్లు ఒకే గుంపుగా పెరుగుతాయి. జుట్టు కత్తిరించడం, పౌడరు పూయడం లాంటి అలంకరణలు ఉండవు. రోజంతా గడ్డి మైదానాల మీద, కంచెల మీదుగా పరుగెత్తడానికి ఈ శరీరం తట్టుకుంటుందా అన్నదే జడ్జీలు చూస్తారు. ఇవాళ రిబ్బను గెలిచిన హౌండ్ శరదృతువు వచ్చేసరికి మళ్లీ గుంపులో పనికి వెళ్తుంది. ఇక్కడి మర్యాదల్లో చాలావాటికి కారణం ఇదే. మీ ముందున్నవి పని చేసే జంతువులు. వాటిని తెచ్చినవాళ్లు కూడా ఆ సమయంలో పనిలో ఉన్నవాళ్లే.

ఇంగ్లండ్‌లో పెద్ద షో పీటర్‌బరోది. 1878లో మొదలైంది, జులైలో జరుగుతుంది. అమెరికాలో వర్జీనియాతో పాటు పెన్సిల్వేనియాలో 1914 నాటి బ్రిన్ మార్ హౌండ్ షో ఉంది. ఇవి కాక ఇంగ్లండ్‌లో చాలా హంట్లు వేసవిలో తమ కెన్నెల్‌లోనే చిన్న పప్పీ షో, అంటే కూనల ప్రదర్శన, పెట్టుకుంటాయి. దాని సంగతి కింద వేరే చెప్పాం.

అక్కడ నక్కను వేటాడతారా?

లేదు. షోలో నక్క ఉండదు, వేట ఉండదు. గుర్రాలు కూడా సాధారణంగా కనపడవు.

ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?

హంట్ బాధ్యత మొత్తం మాస్టర్‌ది. కొన్ని హంట్లకు ఇద్దరు ముగ్గురు మాస్టర్లు ఉంటారు. హౌండ్లను పెంచి, శిక్షణ ఇచ్చి, వేటలో నడిపించే మనిషి హంట్స్‌మన్. ఆయనకు సాయంగా గుంపును అదుపులో ఉంచేవారు విప్పర్-ఇన్. రింగ్‌లో, అంటే కంచె కట్టిన పోటీ స్థలంలో, హౌండ్ పక్కన కనపడేది ఎక్కువగా ఈ ఇద్దరే. మాస్టర్‌ను పరిచయం చేస్తే పేరు పెట్టి పిలవక్కర్లేదు. "గుడ్ మార్నింగ్, మాస్టర్" అంటే చాలు, ఆడవారైనా మగవారైనా అదే మాట.

గుర్తుపట్టడం కష్టమైనవాళ్లు ఇంకొందరు ఉన్నారు, వాళ్లే పప్పీ వాకర్లు. కూన తల్లి పాలు మానేశాక, సుమారు రెండు నెలల వయసులో, దాన్ని తమ ఇంటికో పొలానికో తీసుకెళ్లి కొన్ని నెలలు పెంచి కెన్నెల్‌కు తిరిగి అప్పగించేవాళ్లు. పెంచి అప్పగించడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. ఆ కూన మొదటిసారి రింగ్‌లోకి వచ్చినప్పుడు మీ పక్కన నిలబడి కళ్లు తుడుచుకునే మనిషి వాళ్లే కావచ్చు.

ఏ మాటలు వాడాలి?

నాలుగు మాటలు చాలు. ఫాక్స్‌హౌండ్‌ను హౌండ్ అనండి, డాగ్ అనకండి. తప్పు మాట అన్నారని ఎవరూ మొహం మీద చెప్పరు కానీ ఆ మాట చెవికి గుచ్చుకుంటుంది. మగదాన్ని డాగ్ హౌండ్ అంటారు, ఆడదాన్ని బిచ్ అంటారు. రెండో మాట అక్కడ తిట్టు కాదు, మైకులో కూడా వినపడుతుంది. పిల్లలకు ముందే చెప్పి ఉంచితే నవ్వకుండా ఉంటారు.

తోకను స్టెర్న్ అంటారు. హౌండ్ మొరగదు, "స్పీక్" చేస్తుంది. లెక్క జతల్లో ఉంటుంది. రెండు హౌండ్లు ఒక కపుల్, పదిహేను హౌండ్లు ఏడున్నర కపుల్. "మీ దగ్గర ఎన్ని హౌండ్లు?" అని అడిగితే "నలభై కపుల్" అన్న జవాబు వస్తే, అవి ఎనభై అని అర్థం. ఇంకా వేటకు వెళ్లని కుర్ర హౌండ్ అన్‌ఎంటర్డ్, ఒక సీజనైనా పనిచేసినది ఎంటర్డ్. క్లాసులను, అంటే పోటీ విభాగాలను, ఈ తేడాతోనే విడదీస్తారు.

ఏం వేసుకోవాలి?

పీటర్‌బరోలో మగవాళ్లకు సూటు, టై, టోపీ. నల్ల బౌలర్ టోపీ, అంటే గుండ్రటి గట్టి టోపీ, అక్కడ పాత ఆనవాయితీ. హంట్ ఉద్యోగులు తమ హంట్ కోటులో వస్తారు. వర్జీనియాలో పట్టింపు తక్కువే. అయినా లేత రంగు ప్యాంటు, బ్లేజర్, టై, గడ్డి టోపీ ఎక్కువగా కనపడతాయి. ఆడవాళ్లు వేసవి దుస్తులు, టోపీలు వేసుకుంటారు. చీర, చుడీదార్ రెండూ ఇబ్బంది లేకుండా ఇమిడిపోతాయి. చీరైతే కుచ్చిళ్లు నేలకు తగలకుండా కాస్త పైకి కట్టుకోండి. పొద్దున మంచుకు తడిసిన గడ్డి, దాని గింజలు అంచును పాడుచేస్తాయి.

సన్న మడమ చెప్పులు వద్దు, అడుగడుగునా నేలలో దిగబడతాయి. మే నెలాఖరుకు వర్జీనియాలో ఎండతో పాటు ఉక్క కూడా ఉంటుంది. టోపీ, నీళ్ల సీసా, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

ఒక్కటి మాత్రం కచ్చితంగా వద్దు. అందంగా ఉందని ఎర్ర వేట కోటు కొనుక్కుని వేసుకోకండి. ఆ కోటు, దాని కాలరు రంగు, బొత్తాల మీది గుర్తు ఆ హంట్‌కు చెందినవి. వాటిని ధరించే హక్కు మాస్టర్ ఇవ్వాలి, అదీ ఏళ్ల సేవ తర్వాత. దాన్ని వేషంగా వేసుకోవడం, చదవకుండానే పట్టా తగిలించుకున్నట్టు ఉంటుంది.

రింగ్ దగ్గర ఎలా ఉండాలి?

ముందు అక్కడ జరిగేది అర్థం చేసుకోండి. హంట్స్‌మన్ హౌండ్‌ను తెచ్చి జడ్జీల ముందు నిలబెడతాడు. వాళ్లు ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి చూస్తారు. తర్వాత నడక, పరుగు చూడాలి. అందుకోసం చాలా రింగుల్లో హౌండ్‌ను తాడు విప్పి వదిలేస్తారు. హంట్స్‌మన్ జేబులోంచి చిన్న బిస్కెట్ ముక్క తీసి రింగ్ అవతలికి విసురుతాడు, హౌండ్ దాని వెంట సాగిపోతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. భుజం ఎలా కదులుతోంది, వెనక కాళ్లు ఎంత బలంగా తోస్తున్నాయి అన్నవి ఆ కొద్ది క్షణాల్లోనే బయటపడతాయి.

అంటే తాడు లేని ఒక కుర్ర హౌండ్, దాని చూపును పట్టి ఉంచడానికి ఒక మనిషి గొంతు, ఒక బిస్కెట్ ముక్క. ఉన్నది ఇంతే. మీరు కంచె మీదుగా చెయ్యి చాపితే అది మీ వైపు వస్తుంది. చిప్స్ కవరు చప్పుడైతే తల తిప్పుతుంది. "చూ చూ" అని పిలిస్తే ఆగిపోతుంది. జడ్జి చూడాల్సిన పది అడుగులూ అక్కడే పోతాయి. ఏడాదిన్నరగా ఆ హౌండ్‌ను పెంచినవాళ్ల శ్రమకు అది నష్టం. కొన్ని కుర్ర హౌండ్లు జనాన్ని చూసి బెదిరి, తోక ముడుచుకుని కదలకుండా ఉండిపోతాయి. జాలితో "అయ్యో పాపం" అని గట్టిగా అంటే బెదురు ఇంకా పెరుగుతుంది. అప్పుడు చుట్టుపక్కల అందరూ నిశ్శబ్దంగా ఉంటే, ఎక్కువసార్లు అదే తేరుకుంటుంది.

కాబట్టి కంచెను ఆనుకుని నిలబడకండి, మోచేతులు లోపలికి పెట్టకండి. ఒక క్లాసు నడుస్తుండగా కుర్చీ మార్చకండి, రిబ్బన్లు ఇచ్చాక కదలండి. గొడుగు రింగ్ పక్కన తెరవకండి. టపటపమనే గొడుగు హౌండ్లను బెదరగొడుతుంది, వెనకవాళ్లకు అడ్డం కూడా. ఫోను శబ్దం ఆపేయండి. మడత కుర్చీ తెచ్చుకుంటే ముందు వరుసలో ఎత్తు తక్కువది వేయండి. రింగ్‌లోకి వెళ్లే దారికి అడ్డంగా మాత్రం ఎప్పుడూ వేయకండి, హౌండ్లు అటు నుంచే వస్తాయి పోతాయి.

చప్పట్లు ఫలితం ప్రకటించాకే. మొదటి బహుమతికి ఎంత కొట్టారో చివరిదానికీ అంతే కొట్టండి.

మనకు నచ్చిన హౌండ్ గురించి పైకి మాట్లాడవచ్చా?

మెల్లగా, మీ పక్కవారితో. "ఆ మచ్చలది బాగాలేదు" అన్న మాట మీ ముందు కుర్చీలో కూర్చున్న దాని పప్పీ వాకర్‌కు వినపడవచ్చు. తెలుగులో అన్నాం కదా అనుకోకండి. వేలు చూపించి పెదవి విరిస్తే ఏ భాషవాళ్లకైనా అర్థమవుతుంది.

జడ్జీలను పలకరించవచ్చా?

జడ్జింగ్ పూర్తయ్యేదాకా వద్దు, తెలిసినవారైనా సరే. పోటీదారుల తరఫున మాట్లాడారన్న అనుమానానికి తావివ్వకూడదు. అన్నీ అయ్యాక, "ఆ రెండింటిలో దీన్ని ముందు ఎందుకు పెట్టారో తెలుసుకోవాలని ఉంది" అని అడిగితే చాలామంది సంతోషంగా చెబుతారు. "ఎందుకు ఓడించారు" అని మాత్రం అడగకండి.

జడ్జీలు ఏం చూస్తున్నారో మాకెలా తెలుస్తుంది?

కింద నుంచి పైకి చూడండి. ముందు పాదాలు, తర్వాత కాళ్ల నిటారు, ఆ తర్వాత భుజం వాలు, ఛాతీ లోతు, నడుము, చివరికి తల. కొత్తవాళ్లు తలతోనో రంగుతోనో మొదలుపెడతారు. రంగుకు ఇక్కడ పెద్ద విలువ లేదు.

దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పీటర్‌బరోలో బరువైన ఎముక, స్తంభాల్లాంటి ముందు కాళ్లు ఫ్యాషన్ అయ్యాయి. ఆ మోజులో కొన్ని హౌండ్ల ముందు కాళ్లు మోకాలి దగ్గర ముందుకు వంగేలా తయారయ్యాయి. రింగ్‌లో గంభీరంగా నిలబడేవి, పొలంలో వేగం, ఓపిక తగ్గేవి. వేల్స్ సరిహద్దులోని మన్మత్‌షైర్‌లో సర్ ఎడ్వర్డ్ కర్ వెల్ష్ హౌండ్ల రక్తం కలిపి తెల్లటి చురుకైన హౌండ్లను తయారుచేశాడు. అమెరికన్ కుటుంబంలో పుట్టిన ఐజాక్ బెల్, అందరూ ఐకీ బెల్ అనేవారు, ఆ దారిని బలంగా సమర్థించాడు. ఇవాళ మీరు చూసే తేలికైన, పొడుగు అంగల ఇంగ్లిష్ హౌండ్ ఆ వాదన గెలిచినందువల్ల వచ్చిందే. షో ఫ్యాషన్ ఒక జాతిని పాడుచేయగలదు, పట్టుదల ఉన్నవాళ్లు దాన్ని తిరిగి నిలబెట్టగలరు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు తెలియదు. ఏ పాత మాస్టర్‌తోనైనా మాట కలపడానికి ఈ విషయం ఎత్తితే చాలు.

వర్జీనియాలో ఇంగ్లిష్, అమెరికన్, క్రాస్‌బ్రెడ్ (రకాలు కలిపి పుట్టించినవి), పెన్-మేరీడెల్ అని నాలుగు రకాలకు వేర్వేరు విభాగాలు ఉంటాయి. అమెరికన్ హౌండ్ వంశాలు 1650లో రాబర్ట్ బ్రూక్ మేరీలాండ్‌కు తెచ్చిన హౌండ్ల దాకా వెళ్తాయి. జార్జ్ వాషింగ్టన్ కూడా హౌండ్లను పెంచాడు, 1785లో ఫ్రెంచ్ సేనాని లఫాయెత్ ఆయనకు ఫ్రెంచ్ హౌండ్లను పంపాడు. పెన్-మేరీడెల్ అన్న పేరు పెన్సిల్వేనియా, మేరీలాండ్, డెలావేర్ కలిపి పెట్టినది. పొడుగు చెవులు, లోతైన గొంతు, వాసన పట్టడంలో దిట్ట. మొదటిసారి వెళ్లేవారు ఉదయం ఒక్క రింగ్ దగ్గరే కూర్చుని, మధ్యాహ్నం ఇంకో రింగ్‌కు మారడం మంచిది. నాలుగింటి మధ్యా తిరిగితే ఏదీ తలకెక్కదు.

హౌండ్లను ముట్టుకోవచ్చా? ఏమైనా పెట్టవచ్చా?

పెట్టకూడదు, అసలు కూడదు. కిస్‌మిస్ కుక్కలకు విషం, ఉల్లిపాయ కూడా. కేసరి, లడ్డూ, పకోడీ, చాక్లెట్ అన్నీ ఇందులోకే వస్తాయి. ఆరోగ్యం సంగతి అలా ఉంచినా, పది హౌండ్లున్న పెన్నులో, అంటే కంచె వేసిన దొడ్డిలో, ఒక్క ముక్క పడితే కొట్లాట మొదలవుతుంది. చిరిగిన చెవితో ఏ హౌండూ ఆ రోజు రింగ్‌లోకి వెళ్లదు.

ముట్టుకోవాలంటే హంట్స్‌మన్‌ను అడగండి. క్లాసుకు ముందు అడగకండి, అప్పుడు ఆయన మనసంతా పోటీ మీదే ఉంటుంది. క్లాసు అయ్యాక అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు. పెన్ను తలుపు గడియ మీరు తీయకండి, "కొంచెం తీసి చూద్దాం" అన్నదే ఇక్కడ అన్నిటికంటే పెద్ద తప్పు. ఒక్కటి బయటికొస్తే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

పిల్లలను తీసుకెళ్లవచ్చా?

తప్పకుండా. ఫాక్స్‌హౌండ్ సుమారు రెండడుగుల ఎత్తు, దగ్గర దగ్గర ముప్ఫై కిలోలు ఉంటుంది కాబట్టి చిన్న పిల్లలకు భయం వేయడం సహజం. ఇవి మనుషులతో చాలా స్నేహంగా ఉంటాయి, కంచె మీద కాళ్లు వేసి మొహం నాకేస్తాయి. చెయ్యి కిందుగా, అరచెయ్యి పైకి పెట్టి అవి వాసన చూడనివ్వమని నేర్పండి. తర్వాత చేతులు కడగాలి.

బంతులు, పీపీమనే బొమ్మలు, ఈలలు ఇంట్లోనే ఉంచండి. రింగ్ పక్కన పరుగులు వద్దు. "టాలీ హో" అనే వేట కేకను సరదాగా అరవడం కూడా వద్దు. ఈ హౌండ్లకు మనిషి కేక, కొమ్ము శబ్దం, కొరడా చప్పుడు పనికి పిలుపు. మీకది ఆటే కావచ్చు, వాటికి మాత్రం ఆజ్ఞ. జూనియర్ హ్యాండ్లర్ల పోటీ ఉంటే మాత్రం మీ పిల్లలకు తప్పక చూపించండి, తమ వయసు పిల్లలు హౌండ్‌ను ఎంత ఓర్పుగా నడిపిస్తారో చూస్తారు.

మా పెంపుడు కుక్కను తేవచ్చా?

వద్దు. హౌండ్ల చూపు చెదురుతుంది, రోగాలు అటూ ఇటూ పాకుతాయి. కారులో వదలడం ఇంకా ప్రమాదం, ఎండలో మూసిన కారు నిమిషాల్లో పొయ్యిలా కాగుతుంది.

ఫోటోలు?

తీసుకోండి, ఫ్లాష్ లేకుండా. డ్రోన్ వద్దు. ఇతరుల పిల్లల ఫోటోకు వాళ్ల అమ్మానాన్నలను అడగండి. ఇంగ్లండ్‌లో ఇంకో జాగ్రత్త కావాలి. వేట మీద అక్కడ తీవ్రమైన వివాదం ఉంది, హంట్ ఉద్యోగుల మొహాలు, బండి నంబర్లు కనపడే ఫోటోలు నెట్‌లో పెట్టేముందు అనుమతి అడగడం మర్యాద.

వేట అంటే మాకు ఇష్టం లేదు. అయినా వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2004 హంటింగ్ చట్టం 2005 ఫిబ్రవరి 18 నుంచి అమల్లోకి వచ్చి, హౌండ్లతో నక్కను వేటాడడాన్ని నిషేధించింది. ఆ తర్వాత అక్కడి హంట్లు ముందే వేసిన వాసన జాడ వెంట హౌండ్లను నడిపిస్తున్నామని చెబుతాయి, దాని మీదా వాదన సాగుతోంది. అమెరికాలో వేట చట్టబద్ధం. మీ అభిప్రాయం మీరు ఉంచుకోవచ్చు, అడిగితే నిజాయితీగా చెప్పవచ్చు. రింగ్ పక్కన హౌండ్ పట్టుకున్న కుర్రాడిని పట్టుకుని వాదించడం మాత్రం తగదు. చర్చకు భోజనాల వేళ ఉంది.

మాట ఎలా కలపాలి?

"ఇది ఏ వంశం? దీని గొంతు ఎలా ఉంటుంది? ఎవరు పెంచారు?" ఈ మూడూ మంచి ప్రశ్నలు. పేర్ల గురించీ అడగండి. ఒకే కాన్పు కూనల పేర్లు ఒకే అక్షరంతో మొదలవడం పాత సంప్రదాయం, చాలావరకు తల్లిదో తండ్రిదో మొదటి అక్షరం. దూరం నుంచి పిలిచినా వినపడేలా కనీసం రెండు అక్షరాల పలుకు ఉంటుంది.

"ఎంతకు కొన్నారు?" అని అడగకండి. మనవాళ్ల నోట అలవాటుగా వచ్చే ప్రశ్న ఇది. మంచి హౌండ్లు హంట్ల మధ్య ఎక్కువగా మాట మీదే చేతులు మారతాయి. "ఎన్ని నక్కలను చంపారు?" అన్నదీ వద్దు.

తిండి సంగతి?

వర్జీనియాలో కార్ల వెనక డిక్కీ తెరిచి, బల్ల వేసుకుని తినడం ఆనవాయితీ. పక్కవాళ్ల డేరా కిందికి పిలవకుండా వెళ్లకండి, ఒక హంట్ వేసిన డేరా వాళ్ల ఇంటి వరండా లాంటిది. పిలిస్తే వెళ్లండి, ఏదో ఒకటి పట్టుకెళ్లండి. పులిహోర బాగా పనికొస్తుంది. చల్లారినా బాగుంటుంది, చేతికి అంటకుండా చెంచాతో తినవచ్చు. మిరపకాయలు తీసేసి, పల్లీలు ఉన్నాయని ముందే చెప్పండి, పల్లీలు పడనివారు అక్కడ చాలామంది. శాకాహారులు అమ్మకాల డేరా మీద పూర్తిగా ఆధారపడకుండా డబ్బా తెచ్చుకోవడం మేలు. మద్యం ఇవ్వబోతే "వద్దు, థాంక్స్" చాలు, కారణాలు చెప్పక్కర్లేదు.

ఇంగ్లండ్‌లో పప్పీ షోకి పిలిచారు. ఏం చేయాలి?

ఇది పెద్ద షో కంటే ఆత్మీయంగా ఉంటుంది, ఒక రకంగా పెళ్లిపిలుపే. పిలుపు వస్తే వస్తున్నదీ లేనిదీ ముందే చెప్పండి, టీకి లెక్క కావాలి. పొడుగు తెల్ల కోట్లు, బౌలర్ టోపీల్లో కెన్నెల్ ఉద్యోగులు కూనలను చూపిస్తారు. సాధారణంగా ఇద్దరు జడ్జీలు ఉంటారు. డాగ్ హౌండ్లు, బిచ్‌లు విడివిడిగా వస్తాయి. తర్వాత టీ, శాండ్‌విచ్‌లు, కేకు, ప్రసంగాలు. పప్పీ వాకర్లకు వెండి చెంచానో, కప్పో ఇస్తారు. ప్రసంగాలు పూర్తయ్యేదాకా వెళ్లిపోకండి, ఎందుకంటే పెంచినవాళ్లకు అందరి ముందూ కృతజ్ఞత చెప్పేది అప్పుడే. లాటరీ చీటీలు అమ్మితే రెండు కొనండి. మర్నాడు మాస్టర్‌కు చేత్తో రాసిన కార్డు పంపితే బాగుంటుంది.

మన దేశంలో ఫాక్స్‌హౌండ్లు ఉన్నాయా?

నీలగిరుల్లో ఊటీ హంట్ ఉంది. బ్రిటిష్ అధికారులు పందొమ్మిదో శతాబ్దంలో మొదలుపెట్టి, ఇంగ్లండ్ నుంచి హౌండ్లను తెప్పించారు. వాళ్లు వెంటాడినది మన పల్లెల్లో నక్క అనే జాకాల్‌ను. ఇంగ్లండ్‌లోది ఎర్ర నక్క, మన గుంటనక్క ఈ రెండింటికీ వేరు.

వెళ్లేటప్పుడు?

హౌండ్లను ట్రైలర్లలోకి ఎక్కించే వేళ ఆ వరుస దగ్గర తిరగకండి, బండిని నడక వేగంతోనే పోనివ్వండి. మీ చెత్త మీరే తీసుకెళ్లండి, ముఖ్యంగా ఎముకలు, రేకు కాగితాలు. వర్జీనియా గడ్డిలో టిక్ అనే చిన్న పురుగులు ఉంటాయి, లైమ్ వ్యాధిని అంటిస్తాయి. ఇంటికి వెళ్లగానే పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక, నడుము దగ్గర చూడండి. ఒకటి కరిచి ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, మెలితిప్పకుండా నేరుగా పైకి లాగండి. ఆ తర్వాత కొన్ని వారాల్లో జ్వరమో, పాకుతున్న ఎర్ర మచ్చో వస్తే డాక్టరుకు చూపించండి.